ఉస్మానియా పాత భవనం: జబ్బు వయసుది కాదు, నీటిది

సర్కారు దవాఖానాకు తెలుగులో ఇంకో పేరుంది: ధర్మాసుపత్రి. జేబులో రూపాయి లేకపోయినా లోపలికి రానిచ్చే చోటు అని ఆ మాటకు అర్థం. హైదరాబాదులో ఆ పేరుకు తగ్గట్టు కట్టిన భవనం ఒకటుంది. నయాపూల్ వంతెన మీద నిలబడితే మూసీకి దక్షిణం గట్టున హైకోర్టు గుమ్మటాలు, ఉత్తరం గట్టున ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటాలు కనిపిస్తాయి. న్యాయానికీ వైద్యానికీ ఒకే స్థాయి కట్టడాన్ని, ఒకే నది ఒడ్డున, ఎదురెదురుగా కట్టారు. కూలివాడు వైద్యానికి వెళ్లే చోటు నవాబు దర్బారుకు తీసిపోకూడదన్న ఆలోచన అందులో ఉంది. నాకు ఈ భవనం మీద ఉన్న గౌరవానికి మూలం అదే.

2020 జులైలో పెద్ద వాన పడి కింది అంతస్తు వార్డుల్లోకి మురుగునీరు వచ్చింది. మంచాల కింద మోకాటి దాకా నీళ్లున్న ఫోటోలు ఊరంతా చూసింది. ఆ వారం రోజుల్లోనే పాత భవనాన్ని ఖాళీ చేయించి తాళం వేశారు. రోగుల్ని కులీ కుతుబ్ షా బ్లాకులోకీ, ఓపీ బ్లాకులోకీ సర్దారు. 2025 జనవరి 31న గోషామహల్‌లో రెండు వేల పడకల కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. పాతదాన్ని కూల్చాలా వద్దా అని 2015 నుంచి నడిచిన గొడవ దీంతో తీరిపోయిందని చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. తీరలేదనే నా వాదన. కూల్చకపోవడం వేరు, బతికించడం వేరు. సున్నంతో కట్టిన భవనానికి తాళం వేసి వారసత్వం అని బోర్డు పెడితే, పొక్లెయిన్ ఒక్క రోజులో చేసే పనిని వాన పదిహేనేళ్లలో చేస్తుంది.

ముందు కాస్త చరిత్ర. 1846లో నిజాం నాసిరుద్దౌలా కాలంలో హైదరాబాదులో వైద్య పాఠశాల మొదలైంది. పాఠాలు ఉర్దూలో. 1866లో, అఫ్జలుద్దౌలా నిజాంగా, మొదటి సాలార్ జంగ్ దివాన్‌గా ఉన్నప్పుడు, మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి వచ్చింది. ఆ ఆసుపత్రి పేరు ఒకప్పుడు ప్రపంచ వైద్య పత్రికల్లో కనిపించేది. కారణం క్లోరోఫాం. శస్త్రచికిత్సకు మత్తు ఇచ్చినప్పుడు కొందరు రోగులు బల్ల మీదే చనిపోతున్నారు, ముందు ఆగేది గుండెనా, ఊపిరా అన్నది అప్పటి పెద్ద ప్రశ్న. ఇక్కడి వైద్యాధికారి ఎడ్వర్డ్ లారీ ఊపిరే అన్నాడు. 1888లో, మళ్లీ 1889లో హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు జంతువుల మీద వరుసగా పరీక్షలు చేశాయి. రెండోదానికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బిచ్చాడు, లండన్ నుంచి లాన్సెట్ వైద్య పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ వచ్చాడు. తేలింది లారీ మాటే. కానీ 1911లో గుడ్‌మన్ లెవీ అనే పరిశోధకుడు, మత్తు పలచగా ఉన్నప్పుడు గుండె లయ తప్పి ఒక్కసారిగా ఆగిపోగలదని చూపించాడు. అంటే హైదరాబాదు తీర్పు సగమే నిజం. అయినా మత్తు ఇచ్చేవాడు ఊపిరి మీద నుంచి చూపు తిప్పకూడదన్న ఆచారం బలపడటంలో ఈ ఊరి వంతు ఉంది. ఇక్కడే చదివి ఇక్కడే క్లోరోఫాం ఇచ్చిన రూపాబాయి ఫర్దూంజీ ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరు.

ఆ పాత ఆసుపత్రి 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో పోయింది. ఎగువన వందల చెరువులు ఒకదాని తర్వాత ఒకటి తెగాయి, వేల మంది చనిపోయారు. ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి, వరదను నగరానికి ఎగువనే ఆపాలని లెక్క కట్టి చెప్పాడు. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. కొత్త ఆసుపత్రిని మళ్లీ అదే ఒడ్డున కట్టే ధైర్యం ఆ రెండు జలాశయాల పథకం మీద ఆధారపడింది. ఈ సంగతి తెలియకపోతే ‘ఏటి ఒడ్డున ఎందుకు కట్టారు’ అన్న ప్రశ్నకు జవాబు దొరకదు.

నమూనా గీసింది విన్సెంట్ ఎష్. కలకత్తాలో విక్టోరియా మెమోరియల్ పనిని పర్యవేక్షించిన వాస్తుశిల్పి. హైకోర్టు, కాచిగూడ స్టేషన్, సిటీ హైస్కూలు కూడా ఆయన చేయి పడ్డవే. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, 1920ల్లో ఆసుపత్రి పనిలోకి వచ్చింది. బయట గుమ్మటాలు, కమానులు, జాలీలు, గారతో చేసిన లతలు. వీటి గురించి చాలామంది రాశారు కాబట్టి వదిలేస్తున్నాను. నన్ను ఆకట్టుకునేది లోపలి గాలి.

యాంటీబయోటిక్కులు లేని రోజుల్లో కట్టిన ఆసుపత్రి అది. అంటువ్యాధిని ఆపడానికి అప్పట్లో ఉన్న ఆయుధాలు దూరం, ఎండ, గాలి. అందుకే పొడవాటి వార్డులు, రెండు వైపులా ఎత్తయిన కిటికీలు, వాటి బయట ఎండను ఆపే వరండాలు, చాలా ఎత్తున పైకప్పు. వేడి గాలి పైకి పోతుంది, కింద మంచం దగ్గర చల్లటిది వస్తుంది. ఇది పాతకాలం మోజు అనుకోవద్దు. పెరూ రాజధాని లిమాలో ఎనిమిది ఆసుపత్రుల గదుల్లో గాలి ఎంత వేగంగా మారుతోందో కొలిచి 2007లో ప్రచురించారు. 1950కి ముందు కట్టిన, ఎత్తయిన కప్పులూ పెద్ద కిటికీలూ ఉన్న వార్డుల్లో గదిలోని గాలి గంటకు నలభై సార్లు మారింది. 1970 తర్వాత కట్టిన గదుల్లో, కిటికీలు తెరిచినా, పదిహేడు సార్లు. యంత్రాలతో గాలి నడిపే గదుల్లో పన్నెండు. క్షయ రోగితో ఒక రోజంతా ఒకే గదిలో ఉంటే అంటుకునే ముప్పు పాత వార్డుల్లో పదకొండు శాతం, యంత్రపు గాలి గదుల్లో ముప్పై తొమ్మిది శాతం అని లెక్కకట్టారు. క్షయ ఇంకా వదలని దేశంలో, ఇలాంటి వార్డులున్న భవనాన్ని పాతబడింది అనే ఒక్క మాటతో కొట్టిపారేయకూడదు.

అయితే ఇదే భవనంలో పైకప్పు పెచ్చులూడి కింద పడ్డాయి, వైద్యులు హెల్మెట్లు పెట్టుకుని నిరసన తెలిపారు. వాళ్ల కోపం న్యాయమైనది. రోగి నెత్తిన పెచ్చు పడే చోట వారసత్వం గురించి ఉపన్యాసం చెప్పడం తగదు. కానీ పెచ్చు ఎందుకు ఊడిందన్న ప్రశ్న అడగకుండా భవనం ముసలిదైపోయిందని తేల్చేయడం, దగ్గుతో వచ్చిన మనిషికి ఎక్స్‌రే తీయకుండా మందులు రాసిచ్చినట్టే.

సున్నం పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. సున్నపురాయిని తొమ్మిది వందల డిగ్రీల దగ్గర కాలిస్తే అందులోని బొగ్గుపులుసు గాలి (కార్బన్ డయాక్సైడ్) పోయి రాతిసున్నం మిగులుతుంది. దానికి రెండు మూడింతల బరువు నీళ్లు పోస్తే బుసబుసమంటూ ఉడికి మెత్తబడుతుంది. దాన్ని జల్లించి, నీళ్ల కిందే కనీసం మూడు వారాలు, వీలైతే మూడు నెలలు నిల్వ పెట్టాలి. తొందరపడితే లోపల ఉడకని గుళికలు మిగిలిపోయి, గోడకు పూసిన తర్వాత నీళ్లు తాగి ఉబ్బుతాయి, మొటిమల్లా పొక్కి రాలిపోతాయి. నానిన సున్నంలో రెండు మూడు పాళ్ల ఇసుక, ఇటుకపొడి అంటే సుర్కీ కలిపి గానుగలో గంటల తరబడి నూరితే డంగు సున్నం తయారు. బెల్లపు నీళ్లు, కరక్కాయ కషాయం, జనపనార కలిపేది ఊరికే కాదు. బెల్లం సున్నాన్ని కలుపుకోవడానికి వీలుగా మెత్తబరుస్తుంది, నార ఎండేటప్పుడు పగుళ్లను ఆపుతుంది. సుర్కీ ఉంటే తడిలో కూడా గట్టిపడుతుంది.

ఈ పూత గాలిలోని బొగ్గుపులుసు గాలిని మళ్లీ పీల్చుకుంటూ తిరిగి రాయి అవుతుంది. కానీ చాలా నిదానం, ఇంచుమించు నెలకు మిల్లీమీటరు లోతు. గట్టిపడ్డాక కూడా అందులో సన్నటి రంధ్రాలుంటాయి. గోడలోకి వచ్చిన తడి ఆ రంధ్రాల గుండా బయటికి ఆరిపోతుంది. పాత మేస్త్రీలు గోడ ఊపిరి తీసుకుంటుంది అనేది ఈ సంగతినే.

ఇప్పుడు అలాంటి గోడకు సిమెంటు పూస్తే ఏమవుతుందో చూద్దాం. సర్కారు భవనాల వార్షిక మరమ్మతుల్లో తరచూ జరిగేది ఇదే కాబట్టి చూడాల్సిందే. సిమెంటు పూత బిగుతు. నేలనుంచి ఎక్కిన తడి, పగిలిన గొట్టం నుంచి కారిన తడి బయటికి రాలేక గోడలోనే పైకి పాకుతాయి. తడితోపాటు లవణాలు కూడా. సిమెంటుకూ సున్నానికీ మధ్య అవి స్ఫటికాలుగా పేరుకుని ఉబ్బుతాయి. ఒకరోజు పూత పెచ్చుగా లేస్తుంది. ఆ పెచ్చును చేతిలోకి తీసుకుని తిరగేసి చూస్తే కథంతా దాని వెనకే ఉంటుంది: బయటి వైపు బూడిదరంగు సిమెంటు, గట్టిగా, గోరుతో గీసినా గీత పడదు. లోపలి వైపు దానికి అంటుకుని వచ్చిన వేలెడు మందం పాత సున్నం, దాని మీద ఉప్పులాంటి తెల్లటి నూగు, నలిపితే పిండి. గోడ ముసలిదై రాలలేదు, సిమెంటు దాని చర్మాన్ని పట్టుకుని ఊడపీకింది. ఆ గుంతను మళ్లీ సిమెంటుతో పూడుస్తారు. మళ్లీ మూడేళ్లకు ఊడుతుంది, ఈసారి ఇంకొంచెం లోతుగా.

పైకప్పు సంగతి కూడా ఇలాంటిదే. ఆ కాలపు మిద్దెల మీద డంగు సున్నపు కాంక్రీటు పరిచి, చెక్క తాపీలతో మనుషులు వరసగా కూర్చుని రోజుల తరబడి కొట్టి బిగించేవారు. పది అడుగులకు రెండు మూడంగుళాల వాలు పెట్టి నీటిని గొట్టాల వైపు నడిపేవారు. కారడం మొదలైనప్పుడు, ఎక్కడినుంచి కారుతోందో వెతికే బదులు, దాని మీద ఇంకో పొర వేయడం తర్వాతి కాలంలో అలవాటైంది. నాలుగంగుళాల కాంక్రీటు పొర వేస్తే చదరపు మీటరుకు దాదాపు 240 కిలోల బరువు పెరుగుతుంది. గది పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు అనుకుంటే రెండు టన్నుల పైమాట. అలా రెండు సార్లు వేస్తే నాలుగు టన్నులు. ఎవరూ లెక్క పెట్టలేదని ఆ బరువు లేకుండా పోదు. పైగా వాలు చెడుతుంది, గొట్టం మూతి పొర కింద పూడుకుపోతుంది, నీళ్లు నిలుస్తాయి. లోపల ఇనుప దూలాలుంటే ఆ తడికి తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది, ఆ ఒత్తిడికి చుట్టూ ఉన్న ఇటుకా సున్నమూ పగిలి రాలతాయి.

రావి మొక్క గురించి వేరుగా చెప్పాలి. పిట్ట రెట్టలో వచ్చిన విత్తనం పిట్టగోడ సందులో పడుతుంది. నాలుగాకులు కనిపించేసరికి వేరు రాతి అతుకు వెంట జానెడు లోపలికి పోయి ఉంటుంది, సున్నంలోని తడి దానికి చాలు. మునిసిపల్ కూలీ వచ్చి పైన కోసి పోతాడు. కోసిన ప్రతిసారీ వేరు లావెక్కుతుంది, పైన ఒకటికి నాలుగు కొమ్మలు వస్తాయి. పట్టుకుని లాగితే రాయి కూడా వస్తుంది. చేయాల్సింది: జానెడు మోడు మిగిల్చి కోయడం, మోడులో సన్నటి రంధ్రం చేసి కలుపు మందు పోసి మైనంతోనో మట్టితోనో మూయడం, వేరు పూర్తిగా చచ్చేదాకా వారాల తరబడి ఆగడం, ఆ తర్వాతే రాళ్లు విప్పి వేరు తీసి మళ్లీ సున్నంతో కట్టడం. ఇది ఒక మనిషి నిచ్చెన వేసుకుని ఏడాదికి రెండుసార్లు తిరిగితే తీరే పని. గుమ్మటాల మీద చెట్లు మొలిచాయంటే ఆ ఒక్క మనిషి ఎన్నో ఏళ్లుగా లేడని అర్థం.

ఇవన్నీ మరమ్మతు చేయగలిగినవే అని ఇదే ఊళ్లో రుజువైంది. చౌమహల్లా ప్యాలెస్ పనికి 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం దక్కింది. పెచ్చులూడి, చెట్లు మొలిచి, కప్పు మీద పొరలు పేరుకున్న మొజంజాహీ మార్కెట్ 2020 నాటికి సున్నపు పనితో తేరుకుంది, ఇప్పుడు దాని కింద జనం ఐస్‌క్రీం తింటున్నారు. ఒకప్పటి కోఠీ మహిళా కళాశాలలోని బ్రిటిష్ రెసిడెన్సీ కూడా అంతే. ఇర్రంమంజిల్ అనే పాత ప్యాలెస్‌ను కూల్చాలన్న నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టేసింది. ఉస్మానియాను పరిశీలించిన, వారసత్వ కట్టడాల పరిరక్షణ సంస్థ ఇంటాక్ నిపుణులు కూడా 2015లోనే దీన్ని బాగుచేయొచ్చని చెప్పారు.

పని మొదలైతే వరస తప్పకూడదు. డబ్బులు రాగానే ముందు ముఖభాగానికి రంగు వేయాలనిపిస్తుంది, ఎందుకంటే ప్రారంభోత్సవం ఫోటోలో కనిపించేది అదే. రంగు ఆఖరి పని. మొదటిది నీరు. కప్పు మీది గొట్టాలన్నీ తెరవాలి, మరుగుదొడ్ల గొట్టాలు ఎక్కడ కారుతున్నాయో ఒక్కో గదిలో చూడాలి, గోడలు తొలిచి పెట్టిన ఏసీ పైపుల నీళ్లు ఎటు పోతున్నాయో చూడాలి. తర్వాత చెట్లు. తర్వాత కప్పు మీది అదనపు పొరలు, అది కూడా ఒక మూల నుంచి తవ్వుకుంటూ పోకూడదు. కమాను కప్పు అయితే రెండు వైపులా బరువు సమంగా తగ్గుతూ రావాలి, లేకపోతే బరువు తగ్గించబోయి కూల్చుకుంటాం. తర్వాత గోడల్లోని ఖాళీల్లోకి పలచటి సున్నపు గంజి ఎక్కించడం. రెండడుగులకో గొట్టం పెట్టి, ముందు నీళ్లతో కడిగి, కింది వరస నుంచి పైకి, ఒత్తిడి లేకుండా దాని బరువుకే అది దిగేలా పోయాలి. పంపుతో తోస్తే పాత గోడ పొట్ట పగులుతుంది. సిమెంటు పూత తీసేశాక గోడను కనీసం ఒక వేసవి ఆరనివ్వాలి. అప్పుడు సున్నపు గార, పూతకు అర అంగుళం మించకుండా, పూతకూ పూతకూ మధ్య వారం పది రోజుల ఎడంతో, తడి గోనెపట్టాలు కప్పి. హైదరాబాదులో దీనికి అనువైన కాలం అక్టోబరు నుంచి ఫిబ్రవరి. ఏప్రిల్ ఎండలో పూస్తే రాయి కాకముందే ఎండిపోయి పొడి అవుతుంది. టెండరులో ఆరు నెలల గడువు రాసి, అది మార్చిలో మొదలైతే, ఎంత మంచి మేస్త్రీ అయినా ఏమీ చేయలేడు. ఇలాంటి పనికి గడువును ఋతువులతో లెక్కపెట్టాలి.

బాగుచేశాక ఏం పెట్టాలి? ఆపరేషన్ థియేటర్లు, ఐసీయూ, ఎంఆర్ఐ ఇక్కడ వద్దు. వాటికి కావాల్సిన బరువు, ఆక్సిజన్ లైన్లు, వడగట్టిన గాలి కొత్త భవనంలోనే పెట్టాలి. గోడల్ని తొలిచి వాటిని ఇరికిస్తే భవనమూ పాడవుతుంది, వైద్యమూ చెడుతుంది. కానీ ఆసుపత్రికి వచ్చే జనంలో ఎక్కువమంది మంచం ఎక్కరు. ఓపీ చీటీ తీసుకుని, వరసలో నిలబడి, డాక్టరును చూసి, మందులు తీసుకుని వెళ్తారు. బీపీ, చక్కెర, క్షయ మందుల పంపిణీ, ఫిజియోథెరపీ, ఊళ్లనుంచి వచ్చిన అటెండెంట్లు పడుకునే చోటు, నర్సింగ్ తరగతులు, రెండు గదుల్లో క్లోరోఫాం నాటి వైద్య చరిత్ర. ఇవన్నీ ఈ ఎత్తయిన, గాలి ఆడే గదులు అడిగే పనులు. కొత్త ఆసుపత్రి గోషామహల్ పోయినా అఫ్జల్‌గంజ్ బస్సు దిగే పేదమనిషి ఇక్కడికే వస్తాడు. ఇటలీలోని ఫ్లారెన్సులో 1288లో మొదలైన సాంతా మరియా నువోవా ఆసుపత్రి ఇవాళ్టికీ రోగుల్ని చూస్తోంది. మనకు వందేళ్లకే అలసట రావక్కర్లేదు. మనుషులు మసలే భవనంలో కారిన చుక్క ఆ రోజే కనిపిస్తుంది. తాళం వేసినదాంట్లో అది గుమ్మటం కూలినప్పుడే తెలుస్తుంది. ఉత్తి మ్యూజియంగా మార్చాలన్న ప్రతిపాదన నాకు అందుకే నచ్చదు, సాయంత్రం అయిదింటికి దానికీ తాళమే.

ఇక 2020 నాటి మురుగునీటి మాట. ఆ నీరు నది పొంగి రాలేదు, గోడలు పగిలీ రాలేదు. పూడుకుపోయిన కాలువలు మోయలేక వెనక్కి తన్నింది. ఆ ఆవరణలో ఎన్ని వందల కోట్లతో ఏ భవనం కట్టినా ఆ కాలువ అలాగే ఉంటే ఆ నీరు మళ్లీ వస్తుంది. కాబట్టి గోడ మీద చెయ్యి పెట్టకముందు ఆవరణ చుట్టూ కొత్త కాలువ తవ్వాలి, వాన నీటికి వేరు, మురుగుకు వేరు. నది వైపు కలిసే చోట వెనక్కి తన్నకుండా ఒంటివైపు తలుపు పెట్టాలి, దాన్ని ఏటా జూన్‌కు ముందు తెరిచి శుభ్రం చేసే బాధ్యత ఒక ఇంజనీరు పేరు మీద రాయాలి. తవ్వేటప్పుడు యంత్రాన్ని చింతచెట్టు కొమ్మల నీడ దాటి అవతలే ఆపాలి. ఆ వయసు చెట్టుకు ఆహారం తెచ్చే వేళ్లు పై రెండు మూడడుగుల మట్టిలోనే, కొమ్మల అంచు దాకా, ఒక్కోసారి దానికీ అవతలికి పాకి ఉంటాయి. కాలువ అటుగా పోక తప్పకపోతే, ఆ కొద్ది దూరం చేత్తో తవ్వి, వేళ్ల కింద నుంచి గొట్టం దూర్చాలి.